ఒకటిన్నరను ఒకటికి దించే లెక్క

ఫ్లూ ప్రబలుతోందన్న వార్త వచ్చిన ప్రతిసారీ పాఠకుల సందేహం రెండు రూపాల్లో వినిపిస్తుంది. "ఇల్లు కదలకుండా ఉండాలా?" అని కొందరు అడుగుతారు. "ఏటా వచ్చే జ్వరానికి ఇంత హడావిడి దేనికి?" అని మరికొందరు అడుగుతారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు ప్రశ్నలకూ ఒకే సంఖ్యలో జవాబు ఉంది. వైరస్ ఆకారం, రకాలు, పేర్లు ఎక్కడైనా దొరికే విషయాలే కనుక వాటిని వదిలి నేరుగా ఆ సంఖ్య దగ్గరికే వెళదాం.

ఒక రోగి తన జబ్బును సగటున ఎంతమందికి అంటిస్తాడో చెప్పేదే పునరుత్పత్తి సంఖ్య. ఎవరికీ రోగనిరోధక శక్తి లేని జనంలో తట్టుకు ఇది 12 నుంచి 18 దాకా ఉంటుందని సాధారణంగా చెబుతారు. ఏటా వచ్చే ఫ్లూకు ఇది సుమారు 1.3, 2009 నాటి హెచ్1ఎన్1కు (స్వైన్ ఫ్లూకు) సుమారు 1.5. కోట్లమందిని పొట్టన పెట్టుకున్న 1918 ఫ్లూకు సైతం అంచనాలు ఎక్కువగా 2 దగ్గరే తిరుగుతాయి. అంటే ఫ్లూ వేగంగా పాకుతుందే గాని, పాకడానికి కావలసినంత బలం దానికి అంచుమీదనే ఉంది. ఈ సంఖ్య ఒకటికి దిగువకు వచ్చిన మరుక్షణం నుంచి జబ్బు తగ్గుముఖం పడుతుంది. తట్టును ఆ స్థితికి తేవాలంటే నూటికి తొంభైకి పైగా అంటింపులను ఆపాలి. 1.5 ఉన్న ఫ్లూకు మూడింట ఒక వంతు ఆపితే చాలు.

దీన్ని అంకెల్లో చూస్తే గాని ఆశ్చర్యం కలగదు. ఫ్లూ ఒకరి నుంచి మరొకరికి చేరడానికి దాదాపు మూడు రోజులు పడుతుంది కాబట్టి నెలకు పది తరాలు గడుస్తాయి. జనంలో క్రమంగా పెరిగే రోగనిరోధక శక్తిని లెక్కలోకి తీసుకోకుండా, మొదట వందమంది రోగులున్నారనుకుందాం. గుణకం, అంటే పునరుత్పత్తి సంఖ్య, 1.5 అయితే పదో తరంలో కొత్తగా జబ్బుపడేవారు సుమారు 5,770 మంది. అంటింపులను అయిదో వంతు తగ్గించి గుణకాన్ని 1.2 చేస్తే ఆ సంఖ్య 620 దగ్గర ఆగుతుంది. అయిదింట రెండు వంతులు తగ్గించి 0.9 చేయగలిగితే మిగిలేది 35 మంది. శ్రమ రెట్టింపయింది, ఫలితం మాత్రం పదిహేడు రెట్లకు పైగా మెరుగుపడింది. గుణశ్రేఢిని బడిలో చక్రవడ్డీ లెక్కలకే కట్టిపెడతాం. సామాన్య నిష్పత్తి ఒకటికి అటున్నా ఇటున్నా ఏం జరుగుతుందో ఒక అంటువ్యాధితో చూపిస్తే, ఆ పాఠాన్ని పిల్లలు జన్మలో మరిచిపోరని నా నమ్మకం.

అయిదింట రెండు వంతులు తగ్గించడానికి ఒక మహత్తరమైన ఉపాయం ఉండాలనుకోవడం సహజమే గాని, అటువంటిది అవసరం లేదు. జ్వరం వచ్చినవారు ఇంట్లో ఉండిపోవడం వల్ల 16 శాతం, గదుల కిటికీలు తెరవడం, దగ్గేటప్పుడు మూతి కప్పుకోవడం, మాస్కు వంటి వాటివల్ల మరో 16 శాతం, టీకా వల్ల ఇంకో 16 శాతం తగ్గిందనుకోండి. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలే గాని కొలిచి తేల్చినవి కావు. ఇవి ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి కాబట్టి 0.84ను మూడుసార్లు గుణిస్తే 0.59 వస్తుంది, 1.5 కాస్తా 0.89 అవుతుంది. విడివిడిగా చూస్తే మూడూ లోపభూయిష్టమైనవే. ఫ్లూ రోగి లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే వైరస్‌ను వెదజల్లగలడు కాబట్టి ఇంట్లో ఉండిపోవడం ఆ ఒకరోజును ఆపలేదు. టీకా కొన్ని ఏళ్లలో బాగా పనిచేస్తుంది, కొన్ని ఏళ్లలో అంతంతమాత్రం. "మాస్కు పూర్తిగా ఆపదట కదా" అని కొట్టిపారేసేవారు గుణకారాన్ని మరిచిపోయి, ప్రతి ఉపాయమూ ఒంటరిగా గెలవాలని కోరుతున్నారు.

కాగితం మీది ఈ లెక్కకు 2020లో ప్రపంచమంతటా రుజువు దొరికింది. కోవిడ్ కోసం మనుషులు దూరాలు పాటించి, ప్రయాణాలు మానుకుని, మాస్కులు పెట్టుకున్నప్పుడు కోవిడ్ నెమ్మదించింది గాని ఆగలేదు. ఫ్లూ మాత్రం చాలా దేశాల్లో దాదాపు కనుమరుగైంది. అంతకన్నా విచిత్రంగా, ఇన్‌ఫ్లుయెంజా బి లోని యమగాటా అనే శాఖ 2020 మార్చి తరువాత సహజంగా వ్యాపిస్తున్నట్టు నిర్ధారణ కాలేదు. అప్పట్లో నాలుగు రకాల వైరస్‌లకు తయారుచేస్తున్న టీకాలో ఆ రకాన్ని ఇక చేర్చనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చింది.

కంగారుతో వచ్చే చిక్కల్లా, అది ఈ గుణకాన్ని ముట్టుకోకుండా మరెక్కడో దెబ్బ వేయడమే. 2009 ఏప్రిల్ చివరలో ఈజిప్టు ప్రభుత్వం దేశంలోని సుమారు మూడు లక్షల పందులను చంపించడానికి ఆదేశించింది. అప్పటికి ఆ దేశంలో ఒక్క మనిషిలోనూ హెచ్1ఎన్1 నిర్ధారణ కాలేదు. ఆ వైరస్ జన్యువుల్లో పందుల వైరస్‌ల వాటా ఉన్న మాట నిజమే గాని, అప్పటికే అది మనిషి నుంచి మనిషికి పాకుతోంది. కైరోలో చెత్త సేకరించే కుటుంబాలు ఆహార వ్యర్థాలను ఆ పందులకే మేపేవి. పందులు పోయాక కుళ్లిన ఆహారం వీధుల్లో గుట్టలుగా పేరుకుపోయింది. జూన్‌లో జబ్బు రానే వచ్చింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది ఆ వ్యవహారం. 1918లో అమెరికాలో చాలామంది మెడలో కర్పూరపు సంచులు వేలాడదీసుకున్నారు. సంచి వల్ల హాని లేకపోయినా, అది మెడలో ఉందన్న ధీమాతో జనసమ్మర్దంలోకి వెళ్లినవారి సంగతి వేరు.

రెండో చిక్కు భయం వచ్చే వేళ. ఫిలడెల్ఫియాలో 1918 సెప్టెంబరు 17న సాధారణ పౌరుల్లో తొలి కేసులు బయటపడినా, సెప్టెంబరు 28న యుద్ధ నిధుల కోసం జరిగిన ఊరేగింపును అధికారులు ఆపలేదు. దానికి రెండు లక్షలమంది దాకా వచ్చారని చెబుతారు. బడులు, సభలు మూసేసింది అక్టోబరు 3న. సెయింట్ లూయిస్‌లో తొలి కేసులు అక్టోబరు 5న కనిపించగా, రెండు రోజుల్లోనే అవన్నీ మూతపడ్డాయి. జబ్బు ఉచ్ఛస్థితిలో ఉన్న వారంలో, మామూలుగా సంభవించే మరణాలకు అదనంగా ఫిలడెల్ఫియాలో లక్షకు 257 మంది, సెయింట్ లూయిస్‌లో లక్షకు 31 మంది చనిపోయారు. స్పందనలో రెండు వారాల తేడా అంటే దాదాపు అయిదు తరాలు. గుణకం 2 అయితే అయిదు తరాల్లో రోగులు 32 రెట్లవుతారు. ఫిలడెల్ఫియా భయపడలేదని అనలేం, శవపేటికలు చాలనంతగా మరణాలు పెరిగాక నగరమంతా భయపడింది.

భయం ఆలస్యంగా వచ్చినట్టే తొందరగానూ వెళ్లిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అక్టోబరులో మాస్కులను తప్పనిసరి చేశారు. నవంబరు 21న ఈలలు మోగగానే జనం వాటిని తీసి వీధుల్లో పారేశారు. డిసెంబరులో కేసులు మళ్లీ పెరగడంతో జనవరిలో నిబంధనను తిరిగి తెచ్చారు. ఈసారి దాన్ని వ్యతిరేకించడానికి ఏకంగా ఒక సంఘమే ఏర్పడింది. మరణాలను చూసి జాగ్రత్తపడటం, జాగ్రత్త వల్ల మరణాలు తగ్గడం, తగ్గాయని జాగ్రత్త వదిలేయడం, మళ్లీ పెరగడం అనే ఈ చక్రం ఒకే ఏడాది అలలు అలలుగా జబ్బు రావడానికి ఒక కారణం. మరణం సంక్రమణకు వారం పదిరోజుల తరువాత గాని జరగదు కాబట్టి, మరణాల వార్తలనుబట్టి నడుచుకునే సమాజం ఎప్పుడూ రెండు మూడు తరాలు వెనకబడే ఉంటుంది.

మొదటి రోజుల వార్తలు మరణాల రేటు అనే భిన్నంలో పైనున్న అంకెనే చూపిస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2009లో మెక్సికో నుంచి వచ్చిన తొలి కబుర్లలో లెక్కకు అందినవారు ఎక్కువగా ఆసుపత్రిలో చేరినవారే. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని కోలుకున్నవారు హారంలో లేరు. వారిని కూడా కలుపుకున్నాక, జబ్బుపడిన పదివేలమందిలో మరణించేది కొద్దిమందేనని తేలింది. అంతమాత్రాన ఉట్టి గాలివార్త అనడానికీ వీల్లేదు. పరీక్షల్లో నిర్ధారణ అయిన మరణాలు 18 వేల పైచిలుకే గాని, మొదటి ఏడాది అసలు మరణాలు లక్షన్నర నుంచి అయిదు లక్షల డెబ్బై అయిదు వేల దాకా ఉండవచ్చని తరువాతి అంచనా. అందులో ఎక్కువమంది 65 ఏళ్ల లోపువారు.

ఇక వ్యక్తిగతంగా చేయవలసినదాని గురించి. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మాత్రలను ముందే కొని బీరువాలో దాచుకోవడం వల్ల ఆ మందు అవసరమైనవారికి అందకుండా పోతుంది. పైగా దాని పని చాలా సన్నని వ్యవధికి సంబంధించినది. వైరస్ తన పైనున్న హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్‌తో మన కణాల మీది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుని లోపలికి చేరుతుంది. లోపల తయారైన కొత్త వైరస్‌లు బయటికి వచ్చేటప్పుడు అదే ఆమ్లానికి అతుక్కుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, న్యూరామినిడేజ్ అనే ఎంజైము ఆ బంధాన్ని కత్తిరించి వాటిని వదిలిస్తుంది. మందు అడ్డుకునేది ఆ కత్తిరింపునే. వైరస్ ఉత్పత్తి లక్షణాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే తారస్థాయికి చేరుతుంది కాబట్టి, మందును 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ప్రయోజనం. ఆరోగ్యవంతులకు అప్పుడు కూడా జబ్బు తగ్గేది సుమారు ఒకరోజు ముందే. అందువల్ల దాన్ని గర్భిణులు, వృద్ధులు, పసిపిల్లలు, ఉబ్బసం, మధుమేహం వంటి జబ్బులున్నవారు వైద్యుల సలహాతో వెంటనే వాడాలి. మిగిలినవారిలో చాలామందికి విశ్రాంతి, నీళ్లు, జ్వరం మాత్ర సరిపోతాయి.

ఆయాసం, ఛాతీ నొప్పి, పెదవులు నీలం తిరగడం, మగతగా ఉండటం కనిపిస్తే ఇంట్లో కూర్చోకూడదు. జ్వరం తగ్గినట్టే తగ్గి రెండు మూడు రోజుల్లో దగ్గుతో తిరగబెట్టడం కూడా అటువంటి లక్షణమే. ఫ్లూ గాయపరిచిన ఊపిరితిత్తుల్లోకి బాక్టీరియా చేరి న్యుమోనియా కలిగించినప్పుడు ఇలా జరుగుతుంది. 1918లో భద్రపరచిన ఊపిరితిత్తుల నమూనాలను పరిశీలించినవారు చాలా మరణాలకు ఇదే కారణమని చెప్పారు. యాంటీబయాటిక్ పనికొచ్చేది ఈ దశలోనే గాని, మొదటిరోజు ఒళ్లు నొప్పులకు కాదు.