కాలేజీ బేస్‌బాల్ జట్టులో చోటు: మన తల్లిదండ్రుల అపోహలు, అసలు వాస్తవాలు

డాలస్ పరిసరాల్లో హైస్కూలు పిల్లలకు బేస్‌బాల్ నేర్పే పనిలో ఉన్న నాకు, మన తెలుగు ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు ఏటేటా ఎక్కువగానే కనిపిస్తున్నారు. పిల్లలకు ఆట వచ్చు. పెద్దలకు మాత్రం క్రికెట్‌లో జిల్లా జట్టు, రంజీ జట్టు అంటూ సాగే వరుసే తెలుసు కనుక, అలాంటి వరుస లేని ఇక్కడి ఎంపిక పద్ధతి అయోమయంగా తోస్తుంది.

అపోహ: సత్తా ఉంటే స్కౌట్లే వెతుక్కుంటూ వస్తారు.

వాస్తవం: మేజర్ లీగ్ (అమెరికాలో అగ్రశ్రేణి ప్రొఫెషనల్ బేస్‌బాల్) జట్ల కోసం ఆటగాళ్లను గాలించే స్కౌట్లు వేరు, కాలేజీల తరఫున ఆటగాళ్లను వెతికే కోచ్‌లు వేరు. ఆ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఒకప్పుడు 40 రౌండ్లు, 2021 నుంచి 20 రౌండ్లే కాబట్టి, హైస్కూలు పిల్లల్లో స్కౌట్ల దృష్టి బహు కొద్దిమంది మీదే నిలుస్తుంది. మిగిలినవారిని చూడవలసింది కాలేజీ కోచ్‌లే. అయితే హైస్కూలు మ్యాచ్‌లు జరిగే వసంతకాలంలోనే కాలేజీ సీజన్ కూడా నడుస్తుంది కనుక వారికి అప్పుడు తీరిక ఉండదు, అందుకే వేసవి టోర్నమెంట్లకూ అక్టోబరు పోటీలకూ అంత ప్రాధాన్యం. పైగా 11వ తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 వరకు డివిజన్ 1 (కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థలోని మూడు విభాగాల్లో పైది) కోచ్‌లు పిల్లలతో ఎంపిక సంగతులు మాట్లాడకూడదు. కాబట్టి పదో తరగతి పిల్లవాడి ఈమెయిల్‌కు జవాబు రానంత మాత్రాన అది తిరస్కారం కాదు. ఆ ఈమెయిల్ పిల్లవాడే రాయాలి (నాన్నగారు రాసినది మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది). హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం, ఆడే స్థానం, ఎత్తు, బరువు, మార్కులు, రాబోయే మ్యాచ్‌లు ఏ మైదానంలో ఎన్ని గంటలకో రాసి, రెండు నిమిషాలు మించని వీడియో జతచేస్తే చాలు. ఆ వీడియోకు పాటలు, స్లో మోషన్ హంగులు అక్కరలేదు.

అపోహ: కాలేజీ నుంచి క్యాంపుకు పిలుపు వస్తే చోటు దాదాపు ఖాయమైనట్టే.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నది ఈ అపోహ వల్లనే అని నా అభిప్రాయం. క్యాంపు ఫీజులు చాలాచోట్ల సహాయ కోచ్‌లకు అదనపు ఆదాయం. అందుచేత ఒకే ఈమెయిల్, పేరు మాత్రం మార్చుకుని, ఎందరికో వెళ్తుంది. నిజంగా ఆసక్తి ఉన్న కోచ్ రాసే తీరు వేరుగా ఉంటుంది. ఫలానా శనివారం రెండో బేస్‌కు నువ్వు విసిరిన త్రో చూశానంటాడు, మార్కుల పత్రం పంపమంటాడు, మీ జట్టు కోచ్‌కు ఫోన్ చేసి పిల్లవాడి నడవడిక గురించి వాకబు చేస్తాడు. ఇవేవీ లేని పిలుపును ప్రకటన కిందే జమకట్టండి. పిల్లవాడు ముందునుంచీ చేరాలనుకుంటున్న కాలేజీ అయితే మాత్రం ఆ క్యాంపుకు వెళ్లడంలో తప్పు లేదు.

అపోహ: డివిజన్ 1 అయితేనే లెక్క, అందులో చేరితే చదువంతా ఉచితం.

వాస్తవం: 2024–25 వరకు డివిజన్ 1 జట్టుకు ఉన్నవి 11.7 స్కాలర్‌షిప్పులు, వాటినే జట్టులో పలువురికి ముక్కలుగా పంచేవారు. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంలో చేరిన కాలేజీలు ఇప్పుడు జట్టులోని 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చునే తప్ప ఇచ్చి తీరాలని లేదు, పైగా జట్టు పరిమాణం కూడా ఆ 34 దగ్గరే ఆగిపోతుంది. దీనికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) తోడవడంతో, 18 ఏళ్ల కొత్తవాడికంటే మరో కాలేజీలో రాటుదేలిన 21 ఏళ్ల ఆటగాడినే చాలామంది కోచ్‌లు కోరుకుంటున్నారు.

అందువల్ల స్టేడియం ఫొటోలు చూసి మురిసిపోకుండా, జట్టు వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల జాబితా తెరవండి. మీవాడు క్యాచర్ (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) అనుకుందాం. ఇప్పుడున్న క్యాచర్లు ఎందరు, ఎవరు ఏ సంవత్సరంలో ఉన్నారు, హైస్కూలు నుంచి నేరుగా వచ్చిందెవరు, వేరే కాలేజీ నుంచి మారిందెవరు అన్నది రాసుకోండి. తర్వాత మూడేళ్ల కిందటి జాబితా తీసి, అప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్న క్యాచర్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో వెతకండి. వారిలో ఒక్కరూ మిగలకపోతే, కోచ్ ఎంత తియ్యగా మాట్లాడినా, ఆ కారణమేమిటో అడగకుండా ముందుకు వెళ్లకండి.

జూనియర్ కాలేజీలంటే (మన ఇంటర్మీడియట్ కాదు, ఇక్కడ హైస్కూలు తర్వాతి రెండేళ్ల కాలేజీలు) మనవాళ్లకు చిన్నచూపు ఉంది. 2010 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన మేజర్ లీగ్ ఆటగాడు బ్రైస్ హార్పర్ ఆడింది కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడా అనే జూనియర్ కాలేజీకే. డివిజన్ 3లో ఆట పేరిట స్కాలర్‌షిప్పులు ఉండవు, నిజమే; కానీ జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, ఎంఐటీ ఆ విభాగంలోనివే. వాటిలో చేరాలనుకునేవాడికి బ్యాటు ఎంత అవసరమో మార్కులూ అంతే అవసరం.

అపోహ: రాడార్ గన్ (బంతి వేగం కొలిచే పరికరం) మీద అంకె పెద్దగా ఉంటే చాలు.

వాస్తవం: అంకె కోచ్ దృష్టిని రప్పిస్తుంది, అంతవరకే. ఆ అంకె కోసం పదమూడేళ్లకే మోచేతిని బలిపెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. తొందర అక్కరలేదు: మేజర్ లీగ్‌లో పేరొందిన పిచర్ (బంతి విసిరేవాడు) జేకబ్ డిగ్రామ్ స్టెట్సన్ యూనివర్సిటీలో ప్రధానంగా షార్ట్‌స్టాప్, అంటే ఫీల్డర్. పిచింగ్ మొదలుపెట్టింది కాలేజీ మూడో సంవత్సరంలో, 2010లో తొమ్మిదో రౌండులో ఎంపికయ్యాడు.

అపోహ: హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు స్కాలర్‌షిప్ రాదు.

వాస్తవం: ఆట స్కాలర్‌షిప్‌కు పౌరసత్వం ఉండాలన్న నియమం ఎన్‌సీఏఏలో లేదు. చిక్కంతా పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీలు ఇచ్చే డబ్బుతోనే. హెచ్-4, ఎఫ్-1 (విద్యార్థి) వీసాల మీద అది అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించబడే ప్రమాదం ఉంది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 ఎలాగూ ముగుస్తుంది కనుక, అలాంటి ఒప్పందం మీద సంతకానికి ముందే వీసా మార్పు సంగతి కూడా కలిపి ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.