ఒక్క రూపాయి ఎక్కువైతే 326 రూపాయలు

పెళ్లిళ్ల సీజన్ వచ్చేసరికి రెడీమేడ్ బట్టల మీద 18 శాతం జీఎస్టీ గొడవ మళ్లీ రాజుకుంది. 2,500 దాటిన ప్రతి డ్రెస్సూ విలాస వస్తువేనా అని షాపులవాళ్లు అడుగుతున్నారు. సామాన్యుడు కొనే బట్టలన్నీ 5 శాతంలోనే ఉన్నాయి కదా అన్నది కేంద్రం మాట. రెండు పక్షాలూ రేటు పట్టుకునే వాదించుకుంటున్నాయి. అసలు తంటా ఏ ధర దగ్గర రేటు మారాలో చెప్పే గీతతో వచ్చింది.

ఆ గీత పడింది 2017 జూన్ 3న, జీఎస్టీ కౌన్సిల్ 15వ సమావేశంలో. రెడీమేడ్ పీసు ధర వెయ్యి దాటకపోతే 5 శాతం, దాటితే 12. ఆ తర్వాత జీఎస్టీకి వ్యతిరేకంగా సూరత్ బట్టల వ్యాపారులు చేసిన సమ్మె చాలామందికి గుర్తుంది గానీ, నిబంధనలోని ఒక మాట మీద అప్పట్లో పెద్దగా ఎవరి చూపూ పడలేదు. రేటు తేల్చేది ఎంఆర్‌పీ కాదు, పీసు ‘సేల్ వాల్యూ’. అంటే సరుకు చేతులు మారిన ప్రతిసారీ, పన్ను కలపకముందు ఎంతకు అమ్మారో దాన్ని బట్టే రేటు.

దీంతో ఒకే చొక్కాకు హోల్‌సేల్ బిల్లులో ఒక రేటు, కౌంటర్ బిల్లులో మరో రేటు పడుతుంది. ఇప్పటి లెక్కలో, అంటే 2,500 దాకా 5, దాటితే 18 శాతంతో చూద్దాం. షాపతను 1,800కు కొన్న డ్రెస్సు మీద 90 రూపాయల పన్ను కడతాడు. దాన్నే 2,600కు అమ్మితే పన్ను 468. కొన్నప్పుడు కట్టిన 90 పోను తేడా 378 వచ్చే నెల రిటర్న్‌లో నగదుగా కట్టాలి, ఆ డ్రెస్సు పట్టుకెళ్లినవాళ్లు ఉద్దెర పెట్టినా సరే. ఆషాఢం సేల్‌లో ఇదే తిరగబడుతుంది. 2,520కు కొన్న పీసు మీద కట్టిన పన్ను 453.60. అది అమ్ముడుపోక 2,300కు వదిలించుకుంటే వచ్చేది 115. మిగతా 338.60 క్రెడిట్ లెడ్జర్‌లో, అంటే ముందే కట్టిన పన్ను ఖాతాలో, కూర్చుంటుంది. ఏటా పాత స్టాకు వదిలించుకోక తప్పని చిన్న షాపుకు ఇది కాగితం మీది అంకె కాదు, కొత్త సరుకుకు పెట్టాల్సిన పెట్టుబడి.

ట్యాగు వేసేటప్పుడు ఇంకో చిక్కు. 2,500కు అమ్మితే బిల్లు 2,625. ఒక్క రూపాయి పెంచి 2,501 చేస్తే 2,951. తేడా 326. ఈ రెండు అంకెల మధ్య, పన్ను కలిపి వేసే ఏ ధరా పొసగదు. 2,799 ట్యాగు తీసుకోండి. 5 శాతమనుకుని పన్ను తీసేస్తే 2,666 వస్తుంది, అది గీత పైన. 18 అనుకుని తీసేస్తే 2,372, అది గీత కింద! వెయ్యి గీత ఉన్న రోజుల్లో 1,099 ట్యాగుకూ ఇదే గతి. జూడియో లాంటి చైన్లకు ఈ బాధ లేదు, వాటి ధరలు దాదాపు 999 లోపే. గుడ్డ, కుట్టు, బటన్ అన్నీ ముందు అనుకున్న ధరకు తగ్గట్టు తెప్పించుకునే సత్తా వాటికి ఉంది. నలుగురైదుగురు హోల్‌సేలర్ల దగ్గర దొరికింది తెచ్చుకునే షాపుకు ఆ వీలెక్కడిది?

గీత చెరిపేసే అవకాశం ఒకసారి వచ్చింది, అదీ తప్పు దారిలో. సింథటిక్ ఫైబర్ మీద 18, దాని నూలు మీద 12, గుడ్డ మీద 5 శాతం ఉండేది. అమ్మకంలో వసూలయ్యేదానికన్నా కొనుగోలులో కట్టేదే ఎక్కువ. పాలిస్టర్ నేసే సిరిసిల్ల లాంటి చోట్ల ఇది నేరుగా దెబ్బ. పైగా 2018 జూలై దాకా గుడ్డ మీద మిగిలిపోయిన క్రెడిట్‌కు రీఫండే లేదు. దీన్ని సరిచేస్తామని 2021 సెప్టెంబర్‌లో అన్నిటికీ కలిపి 12 శాతం ఖరారు చేశారు, 2022 జనవరి 1 నుంచి అమలని. గీత పోయేదే, కానీ 300 రూపాయల చొక్కా మీద పన్ను 15 నుంచి 36కు ఎక్కేది. తెలంగాణ మంత్రిగా కేటీఆర్ సహా పలువురు వ్యతిరేకించారు. డిసెంబర్ 31న, అమలుకు ఒక్క రోజు ముందు, కౌన్సిల్ వాయిదా వేసింది.

2025 సెప్టెంబర్ 22న ఆ చిక్కుముడిని రెండో వైపు నుంచి విప్పారు. ఫైబర్, నూలు రెండూ 5కు దిగాయి. గీత 2,500కు జరిగింది. వెయ్యికీ 2,500కీ మధ్య ఉన్న సరుకుకు అది నిజమైన ఊరటే. అయితే గీత దగ్గరి మెట్టు 7 శాతం నుంచి 13కు పెరిగింది. కింద నూలు నుంచి గుడ్డ దాకా అంతా 5 అయ్యాక పైన ఈ మెట్టు ఎందుకన్నదానికి, ఆదాయం తప్ప వేరే కారణం కనిపించదు.

ఇక చీర చట్టం దృష్టిలో గుడ్డే, కుట్టని డ్రెస్ మెటీరియల్ కూడా అంతే. కత్తిరించి ప్యాక్ చేసినంత మాత్రాన గుడ్డ రెడీమేడ్ కాదని 2017 అక్టోబర్‌లోనే సర్క్యులర్ ఇచ్చారు. అందుకే ఒకే కౌంటర్‌లో, ఒకే పెళ్లి బిల్లులో 40,000 పట్టుచీరకు 5 శాతం, పెళ్లికూతురి చెల్లెలికి తీసుకున్న 2,600 రెడీమేడ్ లెహంగాకు 18 శాతం.