గుండె రంధ్రం మూశాక వాల్వ్ లీక్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో లీక్ అని రాశారంటే డివైస్ (రంధ్రాన్ని మూసే డిస్కుల బిళ్ల) సరిగా కూర్చోలేదు.

వాస్తవం: ముందు ఏ లీకో అడగండి. డివైస్ పక్క నుంచి రక్తం అవతలి గదిలోకి జారడం ఒకటి. డివైస్ మీద పొర పెరిగేకొద్దీ చాలామందిలో ఇది తగ్గిపోతుంది. వాల్వ్ పూర్తిగా మూసుకోక రక్తం వెనక్కి రావడం వేరే సంగతి. అదీ గుండె కుడివైపు రెండు గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ వాల్వ్‌లో ‘ట్రివియల్’ (అతి స్వల్పం) అని ఉంటే, ఆరోగ్యవంతుల్లోనూ కనిపించేదే. డివైస్ వేయకముందు తీసిన ఎకో పక్కన పెట్టి చూడనిదే ఏమీ తేల్చకూడదు. పాత రిపోర్టు పారేయకండి.

అపోహ: రంధ్రం గోడలో ఉంది, వాల్వ్‌కు దెబ్బ ఎలా తగులుతుంది?

వాస్తవం: కింది గదుల మధ్య వచ్చే పెరిమెంబ్రనస్ రంధ్రానికి (గోడ పై భాగంలోని పల్చటి పొర దగ్గర ఉండేది) ఒకవైపు అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారం), మరోవైపు ట్రైకస్పిడ్ వాల్వ్ ఆనుకునే ఉంటాయి. రంధ్రం పై అంచుకూ అయోర్టిక్ వాల్వ్‌కూ మధ్య 2 మి.మీ. కూడా లేకపోతే డివైస్ డిస్క్ అంచు వాల్వ్ రెక్కకు తగిలే ప్రమాదం ఎక్కువ. ట్రైకస్పిడ్‌కు ముప్పు వైరుతో. తొడ ధమనిలోంచి పంపిన వైరును రంధ్రం దాటించి, తొడ సిరలోంచి బయటికి లాగుతారు. అది వాల్వ్ రెక్కలను పట్టి ఉంచే సన్నని తాళ్ల మధ్య దూరితే, దాని మీదుగా వెళ్లే లావు షీత్ (డివైస్‌ను లోపలికి తీసుకెళ్లే గొట్టం) ఆ తాళ్లను తెంపగలదు. షీత్ బిగుసుకుంటే తోయకూడదు. వైరు వెనక్కి తీసి మళ్లీ దాటించాలి.

అపోహ: డివైస్ పెట్టాక చేసేదేమీ లేదు.

వాస్తవం: డివైస్‌ను పట్టి ఉంచే కేబుల్ మర విప్పేదాకా అది డాక్టరు చేతిలోనే ఉంటుంది. అప్పుడే ఎకో చూస్తారు, అయోర్టాలో (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) రంగు మందు ఎక్కించి చూస్తారు. వైరు అయోర్టిక్ వాల్వ్‌ను దాటి ఉన్నంతసేపు కాస్త లీక్ కనిపించవచ్చు. వైరు తీశాక కూడా కొత్త లీక్ నిలిచి ఉంటే డివైస్‌ను షీత్‌లోకి లాగేసుకోవాలి. ఆపరేషన్‌కు పంపడం ఓటమి కాదు.

పై గదుల రంధ్రమైతే చూడాల్సింది మైట్రల్ వాల్వ్ (ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) వైపు అంచు. ట్రైకస్పిడ్ లీక్ సాధారణంగా తగ్గుతుంది, ఉబ్బిన కుడి గుండె చిన్నదవుతుంది కనుక.

అపోహ: నెల బాగుంటే ఇక ఎకో అక్కర్లేదు.

వాస్తవం: రాపిడి వల్ల లీక్ ఆలస్యంగానూ రావచ్చు. 1, 6, 12 నెలలకు, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడు ఎకో, ఈసీజీ చేయించాలి. తొలి 6 నెలల్లో పన్ను తీయించాలంటే ముందుగా యాంటీబయాటిక్ డోసు పడాలి. మూత్రం ఎర్రగా వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం రోజుల తరబడి వదలకపోతే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇవ్వాలి. మందు ముందు పడితే వాల్వ్‌ను తినేస్తున్న క్రిమి ఏదో పరీక్షలో దొరకకపోవచ్చు.