మిమ్మల్ని గుద్దిన బండి పాలసీ మీ బండికీ వర్తిస్తుంది: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు కోర్టుల్లో మోటారు ప్రమాదాల కేసులు చూస్తున్న న్యాయవాదిగా నేను తరచూ వినే మాట ఒకటుంది: “నాకున్నది థర్డ్ పార్టీయే కదండీ, బండికేమీ రాదని ఏజెంటు చెప్పాడు.” అది సగమే నిజం. మీ థర్డ్ పార్టీ పాలసీ మీ బండి మరమ్మతుకు అక్కరకు రాదన్నది వాస్తవమే గాని, నిర్లక్ష్యంగా నడిపి మిమ్మల్ని గుద్దిన లారీకి కూడా ఒక పాలసీ ఉంటుంది, ఆ పాలసీకి సంబంధించినంతవరకు థర్డ్ పార్టీ, అంటే మూడో పక్షం, మీరే. ఈ ఒక్క సంగతి తెలియక, అప్పు చేసి ఆటోనగర్‌లో బండి బాగుచేయించుకుని మిన్నకున్నవారు ఎందరో.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 165వ సెక్షన్ మరణాన్ని, గాయాలనే కాక, మూడో పక్షం ఆస్తికి కలిగిన నష్టాన్ని కూడా మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ పరిధిలోనే ఉంచింది. ఆస్తి నష్టం 2,000 రూపాయలు దాటితే, కావాలనుకున్నవారు సివిల్ కోర్టుకు కూడా వెళ్లవచ్చు. కార్లు, వాణిజ్య వాహనాల పాలసీల్లో ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల వరకు, ద్విచక్ర వాహనాల పాలసీల్లో లక్ష వరకు రక్షణ ఉంటుంది. ప్రీమియం కాస్త తగ్గుతుందని ఎదుటి యజమాని ఆ పరిమితిని 6,000కు కుదించుకుని ఉంటే, ఆపై సొమ్ము అతడే కట్టుకోవాలి. అందుకే ఎంవీఓపీలో (ట్రిబ్యునల్‌లో వేసే పరిహారం పిటిషన్‌లో) డ్రైవరును, యజమానిని, బీమా కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చమని చెబుతాను.

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే ఒక టాటా ఏస్ యజమాని బండిని కాజ టోల్‌గేటు సమీపంలో వెనుక నుంచి టిప్పరు గుద్దింది. ఏజెంటు మాట నమ్మి ఆయన బండిని బాగుచేయించి, పగిలిన భాగాలను పాత ఇనుముకు వేసేసి, నగదు ఇచ్చి, ఒక్క బిల్లూ తీసుకోకుండా, నెలలు గడిచాక ఎవరో చెబితే నా దగ్గరకు వచ్చాడు. క్లీనరు చేతికి దెబ్బ తగలడంతో పోలీసు కేసు నమోదై ఉంది కనుక, నష్టాల వివరం ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టులో దొరికింది. మెకానిక్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. అయినా, బిల్లులు లేని ఖర్చును ట్రిబ్యునల్ పూర్తిగా ఒప్పుకోలేదు. చట్టం ఆయన పక్షానే ఉన్నా కాగితాలు లేకపోయాయి. కాబట్టి బండిని కదిలించకముందే నంబరు ప్లేట్లు కనబడేలా ఫొటోలు తీయండి, లైసెన్సున్న సర్వేయరుతో అంచనా రాయించండి, బిల్లులు జీఎస్టీతో తీసుకోండి, మార్చిన భాగాలను కేసు తేలేవరకు పారవేయకండి.

దీనికి తోడైన మరో అపోహ, ఎవరికీ దెబ్బలు తగలకపోతే పోలీసులు కేసు కట్టరన్నది. భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కింద, ప్రాణాలకు ముప్పు కలిగేలా లేదా ఎవరికైనా గాయమయ్యే అవకాశం ఉండేలా ప్రజా మార్గంలో నిర్లక్ష్యంగా నడపడమే నేరం. గాయం అయి తీరాలని లేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో పైఅధికారికి పంపే వీలును భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173(4) ఇచ్చింది. బెంజి సర్కిల్ దగ్గర పదిమంది చుట్టూ చేరి “ఐదు వేలు తీసుకుని వెళ్లిపోండి, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు” అంటే, కంగారులో ఉన్న మనిషి తలూపడం సహజమే, దానికి నేనెవరినీ తప్పుపట్టను. కానీ ఛాసిస్ వంగిందో లేదో రోడ్డు మీద ఎవరికీ తెలియదు. ‘ఇక నాకే అభ్యంతరమూ లేదు’ అని రాసిచ్చిన కాగితాన్ని తర్వాత అవతలి వకీలు తప్పకుండా బయటికి తీస్తాడు.

గడువు విషయంలో వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మవద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన, మోటారు వాహనాల చట్టంలోని 166(3) సెక్షన్ ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలి. దీనిపై సుప్రీంకోర్టులో సవాళ్లు దాఖలైన మాట నిజమే. అయినా వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. గుద్దిన లారీ తమిళనాడుదైనా మీరు చెన్నై వెళ్లనక్కరలేదు; ప్రమాదం జరిగిన చోటగాని, మీరు నివసించే చోటగాని వేయవచ్చు.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవారికి రెండు చోట్లా వస్తుందన్న ఆశ ఉంటుంది. మీ కంపెనీ చెల్లించిన మేరకు మళ్లీ అడగడం కుదరదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలపై 50 శాతం తరుగు కింద కోసుకున్న సొమ్మును ఎదుటివారి నుంచి అడగదలచుకుంటే, డిశ్చార్జి ఓచరు (సొమ్ము ముట్టిందని మీ కంపెనీకి రాసిచ్చే కాగితం) మీద ‘పూర్తి పరిష్కారం’ అని ఉందేమో చదివాకే సంతకం చేయండి. ఎదుటి కంపెనీ మీదే వేస్తే మీ నో క్లెయిమ్ బోనస్‌కు (క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపుకు) నష్టం లేదు.

ఇక మిగిలినవి చిన్నవి. పెద్ద బండిదే ఎప్పుడూ తప్పన్న చట్టమేమీ లేదు. మీ వంతు నిర్లక్ష్యం ఎంత శాతమని తేలితే, పరిహారంలో అంత తగ్గిస్తారు. ఆర్టీసీ బస్సయితే సంస్థనే ప్రతివాదిగా చేర్చాలి. ఎదుటి బండి పాలసీ ఏ కంపెనీదో తెలియకపోతే, నంబరు కొట్టి ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు.