ఎదురింటాయన అడిగిన పదివేలు

ఏటా మే నెల మొదట్లో బర్క్‌షైర్ హాథవే అనే కంపెనీ వార్షిక సమావేశం కోసం అమెరికాలోని ఒమాహాకు వేల మంది వస్తారు. వాళ్లలో చాలామంది దండీ పేటలో ఓ పాత ఇంటి ముందు ఆగి ఫొటో తీసుకుంటారు. ఆ కంపెనీని నడిపిన పేరుమోసిన మదుపరి వారెన్ బఫెట్ 1958లో 31,500 డాలర్లకు కొన్న ఇల్లది. ఆ గడపను కళ్లారా చూడాలన్న తపన ఎలా పుట్టిందో తెలియాలంటే, ఆయన్ను ఆ వీధిలో ఎవరూ పట్టించుకోని రోజుల దాకా వెళ్లాలి.

నలుగురి డబ్బూ కలిపి షేర్లలో మదుపు చేయడానికి 1956లో ఆయన పెట్టిన తొలి భాగస్వామ్యంలో మొత్తం సొమ్ము 1,05,100 డాలర్లు. అందులో ఆయనది వంద. మిగతాదంతా మేనత్త, అక్కాబావలు, మామగారు, కాలేజీ రూమ్మేట్, లాయరు స్నేహితుడు లాంటి అయినవాళ్లదే. 1962 దాకా ఆఫీసు కూడా ఇంట్లోనే.

ఆ రోజుల్లో ఎదురింట్లో ఉండే డొనాల్డ్ కీయో ఓ కాఫీ కంపెనీ ఉద్యోగి. పిల్లల చదువులకు పనికొస్తుంది, పదివేలు నా దగ్గర పెట్టండని బఫెట్ అడిగారు. పొద్దున్నే లేచి ఉద్యోగానికి వెళ్లని మనిషి చేతిలో అంత డబ్బెలా పెడతామని కీయో దంపతులు ఒప్పుకోలేదు. తర్వాత కీయో కోకకోలా ప్రెసిడెంట్ అయ్యారు. 1988లో బఫెట్ ఆ కంపెనీ షేర్లు కొనడం మొదలుపెట్టారు. ఈ కథను కీయోయే నలుగురికీ చెప్పేవారు. ఆయన్ను తప్పుపట్టలేం. పిల్లాపాపలున్న ఇంట్లో ఎవరైనా అలాగే ఆలోచిస్తారు.

నమ్మి డబ్బు పెట్టిన కుటుంబాల కథ వేరు. 1969లో భాగస్వామ్యం మూసేస్తున్నట్టు చెప్పాక కొందరు ఆ భాగస్వామ్యం చేతిలో ఉన్న బర్క్‌షైర్ హాథవే షేర్లు తీసుకుని అలాగే అట్టిపెట్టుకున్నారు. ఒమాహాలో మామూలుగా కనిపించే డాక్టర్లు, వ్యాపారులు కోటీశ్వరులయ్యారు. నా ఉద్దేశంలో ఈ ఆకర్షణకు అసలు వేరు ఇదే: ఆయన పక్కన బతికినవాళ్ల బతుకులు మారాయి.

కంపెనీ వార్షిక సమావేశం మొదట్లో ఓ అనుబంధ బీమా సంస్థ క్యాంటీన్‌లో జరిగేది. 1993లో ఫోర్బ్స్ ఆయన్ను అమెరికాలోకెల్లా సంపన్నుడిగా ప్రకటించింది. జనం పెరిగి సమావేశం పెద్ద స్టేడియానికి మారింది. ఉదయం 7కు తలుపులు తీస్తే, ముందు వరస సీట్ల కోసం తెల్లవారుజామునే చలిలో బారులు తీరేవారు. ఆయనతో కూర్చుని భోంచేసే అవకాశాన్ని 2000 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లైడ్ అనే సేవాసంస్థ కోసం వేలం వేశారు. 2022లో జరిగిన వేలం కోటీ 90 లక్షల డాలర్లు పలికింది.

2025 మే 3న, ఏడాది చివరికి సీఈఓ పదవి వదిలేస్తానని బఫెట్ వార్షిక సమావేశం వేదిక మీదే చెప్పారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డైరెక్టర్లలో ఆ సంగతి ముందే తెలిసింది ఆయన పిల్లలిద్దరికే. వారసుడిగా పక్క కుర్చీలో కూర్చున్న గ్రెగ్ ఏబెల్ కూడా అప్పుడే విన్నారు.