థీమ్ పార్కు క్యూలు, ప్లానింగ్ సాఫ్ట్‌వేర్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు వెళ్లినప్పుడు వారు కలిసి చేసే ప్రయాణాల్లో ఫ్లోరిడాలోని ఓర్లాండో తరచుగా ఉంటుంది. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు పార్కులున్నాయి. ఆ పార్కులకు వెళ్లే కుటుంబాలకు ఏ రైడ్ ఏ వేళకు ఎక్కాలో వరుస వేసి ఇవ్వడం కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని. అందుకు టూరింగ్‌ప్లాన్స్ వంటి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌ను వాడతాను. దాని మీద అతిగా నమ్మకం పెట్టుకున్నవారినీ, అసలు నమ్మనివారినీ సమానంగా చూశాను కాబట్టి, నన్ను తరచుగా అడిగే విషయాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ వాడితే క్యూలు తగ్గుతాయి.

వాస్తవం: క్యూ పొడవు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండదు. గంటకు ఎంతమంది వచ్చి నిలబడుతున్నారు, రైడ్ గంటకు ఎంతమందిని ఎక్కించుకోగలదు అన్న రెండు సంఖ్యలే దాన్ని నిర్ణయిస్తాయి. క్యూ చిన్నగా ఉండే వేళకు మిమ్మల్ని అక్కడికి చేర్చడం మాత్రమే సాఫ్ట్‌వేర్ చేసే పని. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, నిలకడగా సాగే క్యూలో ఉన్నవారి సంఖ్యను గంటకు ఎక్కేవారి సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ సమయం వస్తుంది. మీ ముందు 500 మంది ఉన్నారనుకుందాం. గంటకు 1000 మందిని ఎక్కించే రైడ్ దగ్గర అది అరగంట, 2000 మందిని ఎక్కించే రైడ్ దగ్గర పావుగంట. అందువల్ల మలుపులు తిరిగిన పెద్ద వరుసను చూసి వెనక్కి తగ్గడం, చిన్న వరుసను చూసి సంతోషంగా చేరిపోవడం రెండూ పొరపాటు కావచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని హాంటెడ్ మ్యాన్షన్‌లో బండ్లు గొలుసుకట్టుగా ఆగకుండా కదులుతూ గంటకు రెండు వేల మందికి పైగా తీసుకుపోగలవు. పీటర్ పాన్స్ ఫ్లైట్‌లో ఒక్కో ఓడలో ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు కాబట్టి దాని సామర్థ్యం చాలా తక్కువ. పిల్లలున్న ప్రతి కుటుంబమూ ఎక్కాలనుకునే రైడ్ కావడంతో అక్కడ క్యూ ఉదయమే పెరిగిపోతుంది.

అపోహ: గేటుకు దగ్గరగా ఉన్న రైడ్‌తో మొదలుపెట్టి వరుసగా చూసుకుంటూ పోతే నడక తగ్గుతుంది, సమయమూ కలిసి వస్తుంది.

వాస్తవం: నడక తగ్గుతుంది, సమయం మాత్రం పోతుంది. ఈ విషయాన్ని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రంగం మొత్తం దీని మీదనే నిలబడి ఉంది.

పార్కు తెరిచే సరికి చాలా రైడ్ల దగ్గర క్యూ తక్కువగానే ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కో క్యూ ఒక్కో వేగంతో పెరుగుతుంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. మొదటి రైడ్‌కు ఉదయం 9 గంటలకు 10 నిమిషాలు, 11 గంటలకు 70 నిమిషాలు పడుతుందనుకుందాం. రెండో రైడ్‌కు 9 గంటలకు 5 నిమిషాలు, 11 గంటలకు 20 నిమిషాలు అనుకుందాం. మొదటిది ముందు ఎక్కి రెండోదాన్ని తరువాతికి ఉంచితే మొత్తం 30 నిమిషాలు నిలబడతారు. ఇప్పుడు క్యూ తక్కువగా ఉంది కదా అని రెండోదాన్ని ముందు ఎక్కితే 75 నిమిషాలు నిలబడతారు. అవే రైడ్లు, అదే రోజు, అదే జనం. మారింది క్రమం ఒక్కటే.

రెండు రైడ్లయితే ఈ లెక్క కాగితం మీద తేలిపోతుంది. 10 రైడ్లయితే వాటిని అమర్చగల క్రమాలు 36,28,800. పదిహేనయితే లక్ష కోట్లు దాటతాయి. ఊరూరా తిరిగి సరుకు అమ్మే వర్తకుడు అతి తక్కువ దూరంలో అన్ని ఊళ్లూ చుట్టి రావడం ఎలా అన్నది గణితంలో పేరుపొందిన సమస్య. అక్కడ ఊళ్ల మధ్య దూరం మారదు. పార్కులో మాత్రం నిరీక్షణ గంట గంటకూ మారుతుంది కాబట్టి, చేరుకునే వేళను బట్టి ప్రతి మజిలీ ఖర్చు మారిపోతుంది. సాఫ్ట్‌వేర్ అన్ని క్రమాలనూ పరీక్షించదు, పరీక్షించలేదు కూడా. మంచి క్రమాలను ఎంచుకుని, వాటిని మార్చి మార్చి మెరుగుపరుస్తూ, అత్యుత్తమానికి దగ్గరగా ఉండే సమాధానాన్ని కొద్ది సమయంలో ఇస్తుంది. నడక ఎక్కువైనా ముందు దూరపు రైడ్‌కు వెళ్లమని అది చెప్పినప్పుడు చాలామంది సందేహిస్తారు. పది నిమిషాల అదనపు నడకతో నలభై నిమిషాల నిరీక్షణ తప్పుతుందంటే నేను నడకనే ఎంచుకుంటాను.

అపోహ: రైడ్ ముందున్న బోర్డు మీద 60 నిమిషాలు అని ఉంటే 60 నిమిషాలే పడుతుంది.

వాస్తవం: ఆ అంకె పార్కు ప్రకటించే అంచనా. క్యూలో చేరుతున్న ఒక సందర్శకుడి చేతికి ఎర్ర కార్డు ఇచ్చి, చివర్లో దాన్ని తీసుకుని పట్టిన సమయాన్ని లెక్కగట్టడం డిస్నీ పార్కుల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ కార్డు చివరికి చేరేసరికి వెనక పరిస్థితి మారిపోయి ఉంటుంది. అసలు పట్టే సమయం బోర్డు మీది సంఖ్య కంటే తక్కువగా ఉండటం తరచుగా జరుగుతుంది. పార్కు మూసే వేళ దగ్గరపడినప్పుడు ఈ తేడా మరింత కనిపిస్తుంది. అందుకే మంచి సాఫ్ట్‌వేర్ బోర్డు సంఖ్యతో పాటు, వాడకందారులు క్యూలో నిలబడి యాప్‌లో నమోదు చేసిన అసలు సమయాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మీరూ నమోదు చేయండి. రేపు వెళ్లే కుటుంబానికి అది ఉపయోగపడుతుంది.

అపోహ: లైట్నింగ్ లేన్ కొనుక్కుంటే ప్లాన్ అవసరం లేదు.

వాస్తవం: మామూలు క్యూను తప్పించుకుని వేరే వరుసలో రైడ్ ఎక్కనిచ్చే ఫాస్ట్‌పాస్ 1999లో ఉచితంగా మొదలైంది, అది 2020లో పార్కులు మూతపడేదాకా ఏదో ఒక రూపంలో కొనసాగింది. 2021 అక్టోబరులో దాని స్థానంలో డబ్బు చెల్లించే లైట్నింగ్ లేన్ వచ్చింది. 2024 జూలై నుంచి డిస్నీ వరల్డ్‌లో అది మల్టీ పాస్ (కొన్ని రైడ్లకు కలిపి), సింగిల్ పాస్ (ఒక్క రైడ్‌కు) అనే పేర్లతో నడుస్తోంది. డిస్నీ హోటళ్లలో బస చేసేవారు 7 రోజుల ముందు, మిగిలినవారు 3 రోజుల ముందు వేళలు ఎంచుకోవచ్చు. ఏ రైడ్‌ను డబ్బిచ్చి తప్పించుకోవాలి, దేన్ని ఉదయమే ఉచితంగా పూర్తి చేయాలి అన్నది తేల్చుకోకుండా కొంటే, పొద్దున పావుగంటలో అయిపోయే రైడ్‌కు పాస్ ఖర్చుపెట్టి, గంటన్నర క్యూలో నిలబడే వేరే రైడ్‌ను మిగుల్చుకుంటారు. ఇంకొక మాట కూడా చెప్పాలి. తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఇచ్చినంత మాత్రాన గర్భాలయం ముందు గంటకు సాగే భక్తుల సంఖ్య పెరగదు. ఇక్కడా అంతే. లైట్నింగ్ లేన్‌లో వెళ్లే ప్రతి సీటూ మామూలు క్యూలోని వారికి ఆలస్యంగా అందే సీటే. ఆ లేన్ నిండుగా ఉండే మధ్యాహ్నం మామూలు క్యూ నెమ్మదిగా కదలడానికి ప్రధాన కారణం ఇదే.

అపోహ: రద్దీ క్యాలెండర్‌లో అంకె పెద్దదైతే జనం ఎక్కువ, చిన్నదైతే తక్కువ.

వాస్తవం: ఏ రోజు ఎంత రద్దీ ఉంటుందో ముందుగా అంచనా వేసే టూరింగ్‌ప్లాన్స్ క్యాలెండర్‌లోని 1 నుంచి 10 వరకు ఉండే స్థాయి జనం సంఖ్యను చెప్పదు, ముఖ్యమైన రైడ్ల నిరీక్షణను చెబుతుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే వారం ఎలాగూ రద్దీగానే ఉంటుంది. చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. విడిగా టికెట్ కొనాల్సిన హాలోవీన్, క్రిస్మస్ రాత్రి పార్టీలు జరిగే రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మామూలు టికెట్‌వారు సాయంత్రం 6 గంటలకు బయటికి రావాలి. ఆ కారణంతో చాలామంది ఆ రోజును మానుకుంటారు కాబట్టి పగటి క్యూలు తక్కువగా ఉంటాయి. రాత్రి బాణసంచా చూడకపోయినా పరవాలేదనుకునే కుటుంబానికి నేను ఆ రోజునే సూచిస్తాను.

అపోహ: అందరూ ఇదే సాఫ్ట్‌వేర్ వాడితే అందరూ ఒకే చోట గుమిగూడుతారు.

వాస్తవం: మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఏడాదికి కోటీ డెబ్బై లక్షల మంది దాకా వస్తారని అంచనా. వారిలో ప్లాన్ వేసుకుని వచ్చేవారు కొద్దిమందే. పైగా వారు ఎంచుకునే రైడ్లు, వచ్చే వేళ, నడక వేగం వేరు కాబట్టి వారి క్రమాలూ వేరుగా వస్తాయి.

అపోహ: ఒకసారి వేసిన ప్లాన్‌ను రోజంతా తు.చ. తప్పకుండా పాటించాలి.

వాస్తవం: ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మెరుపులతో వాన పడటం మామూలు. మెరుపులు దగ్గరికి వస్తే స్లింకీ డాగ్ డ్యాష్, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్ వంటి ఆరుబయటి రైడ్లను ఆపేస్తారు. మరమ్మతుతో ఆగిపోయేవీ ఉంటాయి. అలాంటప్పుడు మిగిలిన రైడ్లకు ఆ క్షణం నుంచి కొత్త క్రమం కట్టించుకోవాలి. ఆ సౌకర్యం యాప్‌లోనే ఉంటుంది. పొద్దున వేసిన క్రమాన్ని పట్టుకుని మూసిన రైడ్ ముందు ఎదురుచూడటం కంటే నష్టం మరొకటి లేదు.

అపోహ: పెద్దవారు, పసిపిల్లలు వెంట ఉంటే ఇవేవీ పనికిరావు.

వాస్తవం: వారు ఉన్నప్పుడే ఎక్కువగా పనికివస్తాయి, వివరాలు నిజంగా ఇస్తే. తొలి రోజుల్లో నేను ఒక కుటుంబానికి వేసిన ప్లాన్‌లో నడక వేగాన్ని మార్చకుండా వదిలేశాను. ఆ ఇంట్లో డెబ్బై దాటిన అమ్మమ్మగారున్నారని నాకు తెలుసు, అయినా భోజన విరామం అరగంటే ఉంచాను. మధ్యాహ్నానికి ఆమె మోకాళ్లు పట్టేశాయి, ప్లాన్ అక్కడితో ఆగిపోయింది. ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. ఇప్పుడు నడక వేగాన్ని తగ్గించి పెడతాను, ఒంటిగంట నుంచి కనీసం రెండు గంటలు చల్లని చోట విశ్రాంతిగా రాస్తాను, రైడ్ల జాబితాలో రెండు మూడు తీసేస్తాను. చిన్న పిల్లలున్నచోట ఎత్తు నిబంధన ముందే చూడాలి: సెవెన్ డ్వార్ఫ్స్‌కు 38 అంగుళాలు, ట్రాన్ అనే రైడ్‌కు 48 అంగుళాలు ఉండాలి. ఎత్తు చాలని బిడ్డతో ఒకరు బయట ఉండి, మరొకరు ఎక్కి వచ్చాక మళ్లీ పూర్తి క్యూ లేకుండా రెండోవారు ఎక్కే రైడర్ స్విచ్ సౌకర్యం ఉచితం. దాన్ని క్యూ దగ్గరి సిబ్బందిని అడిగి తీసుకోవాలి. రెండో విడతకు పట్టే సమయాన్ని కూడా ప్లాన్‌లో విరామంగా రాసుకుంటేనే ఆ తరువాతి రైడ్ల వేళలు సరిగా వస్తాయి.