జాంబీ సర్వైవల్ గేములు: అపోహలు, వాస్తవాలు

ప్రాజెక్ట్ జోంబాయిడ్ అనేది జాంబీల (లేచి తిరిగే శవాల) మధ్య బతికి ఉండాల్సిన కంప్యూటర్ ఆట. మొదలవుతూనే తెరమీద ఒక మాట చెబుతుంది: ఇది నువ్వు ఎలా చనిపోయావో చెప్పే కథ అని. కాలం 1993 జులై, చోటు అమెరికాలోని కెంటకీ. ఆటలోని మల్డ్రా, వెస్ట్ పాయింట్, లూయీవిల్ నిజంగా ఉన్న ఊళ్లే. మిషన్లు లేవు, ఆఖరి లెవెల్ లేదు, గెలుపూ లేదు. అయినా జనం దీన్ని వందల గంటలు ఆడతారు. ఎందుకో తెలియాలంటే ముందు కొన్ని అపోహలు తొలగాలి. కింద చెప్పే లెక్కలు ఈ ఆట బిల్డ్ 41 అనే వెర్షన్‌లో, అపోకలిప్స్ అనే ఆట తీరు (మోడ్)వి.

అపోహ: ఇవి నరుకుడు, కాల్చుడు ఆటలు.

వాస్తవం: ఎక్కువ సమయం ఇల్లు నిలబెట్టుకోవడానికే పోతుంది. ఆకర్షణ కూడా అక్కడే ఉంది. కరెంటు, కుళాయి నీళ్లు మొదటి రోజు నుంచి 30వ రోజు లోపు ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఎప్పుడో ఆట చెప్పదు. అందుకే మొదటి రోజే దొరికిన సీసాలు, గిన్నెలు, బకెట్లు అన్నీ నింపి పెట్టాలి. ఫ్రిజ్‌లోవి ముందు తినాలి, డబ్బాల్లోవి దాచాలి.

తర్వాత వాననీళ్ల పీపా. దానికి వడ్రంగంలో 4వ స్థాయి, 4 పలకలు, 4 మేకులు, 4 చెత్త సంచులు, ఒక సుత్తి కావాలి. ఆ స్థాయికి రావడానికి దగ్గరి దారి ఉంది. ముందు వడ్రంగం మొదటి పుస్తకం పూర్తిగా చదవాలి. అప్పుడు మొదటి రెండు స్థాయిల దాకా ప్రతి పనికీ అనుభవం పాయింట్లు రెట్టింపు కంటే ఎక్కువ వస్తాయి. ఆ తర్వాతే సుత్తి, రంపం పట్టుకుని కుర్చీలు, బల్లలు, మంచాలు విప్పాలి. చాలామంది ముందు విప్పేసి ఆనక పుస్తకం చదువుతారు. అప్పటికి వీధిలో సామాన్లు అయిపోతాయి. మొదటి వారంలో టీవీలో వచ్చే వడ్రంగం పాఠాలూ వదలకూడదు, కరెంటు పోతే అవీ పోతాయి.

పీపాలో పడిన నీళ్లు నేరుగా తాగితే జబ్బు చేస్తుంది, కాచి తాగాలి. వంటింటి సింక్‌కు పై అంతస్తులో, సరిగ్గా దాని మీదుగా పీపా పెట్టి రెంచితో కలిపితే కుళాయి మళ్లీ పారుతుంది. ఆగిపోయిన కుళాయి తిప్పగానే నీళ్లు రావడం చూసినప్పుడు కలిగే సంతోషం వంద జాంబీలను కొట్టినా రాదు. ఈ ఆటను ఇష్టపడేవాళ్లలో చాలామందిని పట్టి ఉంచేది ఇదే.

అపోహ: జనరేటర్ దొరికితే కరెంటు సమస్య తీరినట్టే.

వాస్తవం: ఎలక్ట్రీషియన్ పాత్ర కాకపోతే, వాడకం నేర్పే పత్రిక చదివేదాకా దాన్ని ఇంటికి కలపలేరు. ఇంటి లోపల పెడితే పొగకు చచ్చిపోతారు. బయట పెట్టాలి. దాని మోతకు జాంబీలు వస్తాయి కాబట్టి చుట్టూ కంచె ఉండాలి. పెట్రోలు పోసేముందు ఆపాలి. నడిచేకొద్దీ అరిగిపోతుంది, ఎలక్ట్రానిక్ తుక్కుతో బాగు చేస్తూ ఉండాలి.

అపోహ: ఒక్క గీరుడు పడితే ఆట ముగిసినట్టే.

వాస్తవం: కాటు పడితే చావు ఖాయం, రెండు మూడు రోజుల్లో వస్తుంది. కానీ కోత పడితే జాంబీగా మార్చే జబ్బు సోకే అవకాశం 25 శాతం, గీరుడు పడితే 7 శాతమే. రక్తం ఆపడానికి వెంటనే కట్టు కట్టాలి, శుభ్రం చేయడం తర్వాత. తెరమీద వికారం గుర్తు కనబడగానే ఆశ వదులుకోకండి. పాడైన తిండి తిన్నా, శవాల మధ్య ఎక్కువసేపు ఉన్నా అదే గుర్తు వస్తుంది. ఆ రెండు మూడు రోజులు జబ్బు సోకిందో లేదో తెలియని స్థితిలో గడపడం ఈ ఆటలో అన్నిటికంటే గాఢమైన అనుభవం.

అపోహ: మంచి ఆయుధం ఉంటే గుంపులోకి దూకొచ్చు.

వాస్తవం: కొత్తవాళ్ల చావులకు పెద్ద కారణం అలసట. ఆయాసం గుర్తు పడితే దెబ్బలో బలం తగ్గుతుంది, నాలుగో జాంబీ దగ్గరికి వచ్చేసరికి గొడ్డలి కూడా పనిచేయదు. ఒక్కొక్కదాన్నీ పక్కకు లాక్కుపోయి కొట్టాలి. నడుమెత్తు కంచె ఉంటే దాని అవతల నిలబడండి: జాంబీ దాటబోయి బోర్లా పడుతుంది, లేచేలోపు తలమీద తొక్కాలి. షాట్‌గన్ పేలిస్తే ముందున్న నాలుగు చస్తాయి, వీధులవతలివి బయల్దేరతాయి.

అపోహ: ఇంత కష్టమైన ఆట కొత్తవాళ్లకు కాదు.

వాస్తవం: శాండ్‌బాక్స్‌లో (ఆట నియమాలు మనమే మార్చుకునే మోడ్‌లో) జాంబీల సంఖ్య తగ్గించండి, అవి మళ్లీ పుట్టే గంటలను 72 నుంచి 0కు మార్చండి, జబ్బు కాటుతో మాత్రమే సోకేలా పెట్టండి. ఒకసారి ఖాళీ చేసిన వీధిలో జాంబీలు మళ్లీ పుట్టవు. దీన్ని మోసం అనుకోనక్కర్లేదు, ఆట తయారుచేసినవాళ్లే ఈ మీటలన్నీ మీ చేతికిచ్చారు.

అపోహ: చనిపోతే చేసిన కష్టమంతా దండగ.

వాస్తవం: నేర్చుకున్న పనులు పోతాయి, లోకం మాత్రం అక్కడే ఉంటుంది. అదే లోకంలో కొత్త మనిషిగా మొదలుపెట్టి పాత ఇంటికి నడిచి వెళ్లొచ్చు. పీపాలో నీళ్లుంటాయి, కిటికీలకు కొట్టిన పలకలుంటాయి. కాటుతో పోయిన మీ పాత మనిషి ఆ చుట్టుపక్కలే జాంబీగా తిరుగుతూ ఉంటాడు, అవే బట్టలు, అదే సంచి. అతన్ని పడగొట్టి సంచి విప్పితే సుత్తి, మేకులు, సగం చదివిన పుస్తకం ఉంటాయి.